పైనుంచి ఏడో మెట్టు

ఆయుధపూజనాడు గనిలో పని ఉండదు. నిచ్చెనలను గుంతలోంచి పైకి లాగి, ఎండలో పడుకోబెట్టి, కడిగి, పసుపు పూసి బొట్లు పెడతారు. పలుగులకూ సుత్తులకూ మగవాళ్ళే పెట్టుకుంటారు. నిచ్చెనకు మాత్రం ఆడమనిషే పెట్టాలి. దానిమీద బరువు మోసేది ఆడవాళ్ళు గదా. ఆ ఆడమనిషి ముత్తైదువ అయ్యుండాలి, చేయి మంచిదని పేరుండాలి. వేంపల్లె దాపున కొండకింద ఉన్న ఆ ముగ్గురాయి గనిలో తొమ్మిదేండ్లుగా ఆ చేయి తిరుపతమ్మది.

గని ఆరు నిలువుల లోతు. రాయి పొర సన్నంగా, నిట్టనిలువుగా భూమిలోకి దిగిపోయింది గనుక దాని వెంబడే తవ్విన గుంత కూడా అట్లే దిగింది. సగం లోతులో ఒక తిన్నె. అడుగు నుంచి తిన్నె దాకా ఒక నిచ్చెన, తిన్నె నుంచి ఒడ్డు దాకా ఇంకొకటి. మగవాళ్ళు రాయి కొట్టి తట్టలకెత్తితే, ఇరవైమంది ఆడవాళ్ళు చీరలు గోచి దోపుకొని, ఒక చేత నెత్తిమీది తట్టనూ ఇంకొక చేత నిచ్చెననూ పట్టుకొని ఎక్కేవాళ్ళు. ముగ్గురాయి చూడ్డానికి సున్నపుగడ్డలాగా తెల్లగా ఉంటుంది, ఎత్తితే ఇనుము. బరువుతో కాలు పెద్దగా చాపలేరని మెట్లు జానెడు ఎడంతోనే కట్టేవాళ్ళు. ఆడవాళ్ళు ఎక్కే ముందు నరసన్న మేస్త్రి "పైకీ" అని కేక పెట్టేవాడు. ఆ కేక వినబడితే కింద ఉన్న మగవాళ్ళంతా గోడ వైపు మొగం తిప్పుకొని నిలబడాలి. తల ఎత్తినవానికి మరునాడు పని లేదు. ఆడవాళ్ళ మానం కోసం పెట్టుకున్న కట్టుబాటది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి రెండేండ్లయిన ఆ సంవత్సరం, గని కొట్టంలో ఒక పెద్ద చెక్కపెట్టె మూత తీయకుండా పడి ఉండింది. అంతకు ముందేడు గనుల ఇన్‌స్పెక్టరు వచ్చి, నిచ్చెన మనిషి ఎక్కడానికే గానీ రాయి ఎక్కడానికి కాదని, బరువును యంత్రంతో లాగాలని రాసిపోయినాడు. దాని మీదట మదరాసు నుంచి తెప్పించిన ఇనుప రాట్నం ఆ పెట్టెలో ఉంది. ఇద్దరు నిలబడి పిడి తిప్పితే తాడు చుట్టుకొని తొట్టి పైకొస్తుందంట. పిడి జారినా తొట్టి పడకుండా పళ్ళచక్రానికి ఒక కొక్కెం అడ్డం పడుతుందంట. తెప్పించినారు గానీ బిగించలేదు. బిగిస్తే తట్ట మోసే ఇరవైమంది ఏం గావాలని అందరికంటే గట్టిగా అడిగింది తిరుపతమ్మే. గుమాస్తా శ్రీనివాసులుకు కూడా ఆ మాటే కావలసి వచ్చింది. రాట్నం బిగించాలంటే నెలదినాలు పని నిలిపి, మనుషులకు ఒక పక్క మెట్లదారి కూడా చెక్కించాలి.

ఇక పూజనాటి సంగతి. పై నిచ్చెనకు పసుపు పూసుకుంటూ పైనుంచి ఏడో మెట్టు దగ్గరికి వచ్చేసరికి తిరుపతమ్మ వేలికి ఏదో గీసుకుంది. తుమ్మకట్టె మెట్టు. కొన నుంచి నడుము దాకా పగిలి ఉంది. పైకి వెంట్రుకంతే, గోరు పెడితే మాత్రం దిగింది.

తల ఎత్తి చూసింది. నరసన్న టెంకాయ పట్టుకొని నిలబడినాడు. శ్రీనివాసులు కర్పూరం వెలిగించబోతాండాడు. ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. ఇప్పుడు "మెట్టు పగిలింది" అంటే పూజ నిలిచిపోతుంది. పసుపు పూసే చేతికింద పనిముట్టు పగిలిందంటే ఆ చేతికి ఏం పేరొస్తుందో ఆమెకు తెలుసు. పక్క గనిలో నాగలక్ష్మమ్మ చేతిలో దీపం ఆరిపోయినాక ఆమెను పేరంటానికి పిలిచినవాళ్ళు లేరు. తిరుపతమ్మ ఇంకొంచెం పసుపు ముద్ద తీసుకొని పగులు పూడేటట్టు మెత్తింది. దానిమీద అన్నిటికంటే పెద్ద బొట్టు పెట్టింది. రేపు నరసన్నకు చాటుగా చెప్తాలే అనుకుంది.

గనిలో ఏసుప్రభువును నమ్ముకున్నవాళ్ళు నలుగురు ఆడవాళ్ళు ఉండేవాళ్ళు. పూజప్పుడు వాళ్ళు ఎడంగా నిలబడేవాళ్ళు, ప్రసాదం తీసుకునేవాళ్ళు కాదు. సిద్దమ్మ అనే నోటిదురుసు మనిషి ప్రతి ఏడూ వాళ్ళలో పెద్దదైన జీవమ్మతో పరాచికం ఆడేది.

"ఏం జీవమ్మా, మా బెల్లం మీ దేవునికి చేదా?"

"మా దేవునికి తీపే సిద్దమ్మా. మా పాస్టరయ్యకే చేదు."

అందరూ నవ్వినారు. తిరుపతమ్మ కూడా నవ్వింది.

మరునాడు చెప్పలేదు. చెబితే "నిన్న ఎందుకు చెప్పలేదు" అంటారు. ఆ మరునాడు చెబితే "రెండు దినాలు ఏం చేస్తాంటివి" అంటారు. ఆలస్యమయ్యేకొద్దీ ఆ మాట బరువెక్కింది. అయిదో దినం పొద్దు నెత్తిమీదికి వచ్చే యాళకు, తిరుపతమ్మ పైకి చేరి తట్ట కుమ్మరిస్తాండగా, వెనక ఫట్‌మని వినబడింది. తిరిగి చూసేసరికి నిచ్చెన మీద జీవమ్మ లేదు. తట్ట, రాళ్ళు, మనిషి ఒకటిగా తిన్నె మీద పడినారు.

మగవాళ్ళంతా గోడ వైపు తిరిగి ఉన్నారు. ఒక్కడూ చూడలేదు.

జీవమ్మను పైకి తెచ్చేటప్పుడు కూడా ఆ నిచ్చెనే గతి అయింది. దుప్పట్లో కట్టి, నలుగురు పట్టుకొని, ఒక్కొక్క మెట్టూ తడిమి చూసుకుంటూ తెచ్చినారు. ఆమె అరిచిన అరుపుకు ఒడ్డున ఉన్న గొర్రెలు బెదిరి పోయినాయి. తుంటి విరిగింది. ఎద్దులబండిలో గడ్డి పరిచి మిషను ఆస్పత్రికి పంపించినారు.

బండి కదిలినాక సిద్దమ్మ చెంగుతో మొగం తుడుచుకొని అనింది: "తొమ్మిదేండ్లుగా ఎక్కుతాండాము. ఎవరికీ ఏమీ కాలేదు. దండం పెట్టకుండా తొక్కితే నిచ్చెన ఊరికే ఉంటాదా? ఏం తిరపతక్కా?"

అందరూ ఆమె వైపు చూసినారు.

"ఊ" అనింది తిరుపతమ్మ.

అంతే. ఒక్క అక్షరం. సాయంత్రానికి ఆ మాట ఊరంతా తిరిగింది, తిరుపతమ్మే చెప్పిందంట అనే మాట కూడా దాని వెంబడి తిరిగింది.

విరిగిన మెట్టు రెండు ముక్కలూ తిన్నె మీద ఉండినాయి. వాటిని ఏరింది తిరుపతమ్మే. కొత్తగా విరిగిన చోట కట్టె ఎర్రగా, పచ్చిగా ఉంది. పాత పగులు ఉన్నంత మేరా పసుపు. ఆ పసుపు ఎట్లా లోపలికి పోయిందో చూసినవాళ్ళెవరైనా చెప్పగలరు. ముక్కలను చెంగులో చుట్టుకొని ఇంటికి తెచ్చి పొయ్యిలో పెట్టింది. ఆ పూట సంగటి ఆ మంట మీదనే ఉడికింది. మొగుడు బాగుందన్నాడు.

వారం తిరక్కముందే ఇన్‌స్పెక్టరు వచ్చినాడు. ఆయన కొట్టంలో కూర్చోకముందే శ్రీనివాసులు తిరుపతమ్మను పక్కకు పిలిచినాడు.

"చూడు తిరుపతమ్మా. నిచ్చెన విరిగి పడింది అని రాసుకున్నారంటే నిచ్చెన తీసేస్తారు. రాట్నం పెడతారు. దానికి నలుగురు చాలు. కాలు జారి మెట్టు మీద పడితే మెట్టు విరిగింది అంటే ఇది ఇట్లే నడుస్తుంది. ఇరవైమంది కడుపులు నీ నోట్లో ఉండాయి. నేనేం చెప్పమనేది లేదు."

తిరుపతమ్మకు ఆ మాట వినగానే లోపల చల్లగా అయింది. ఇరవైమంది కోసం అబద్ధం చెప్పొచ్చు. తన కోసం అని ఎవరూ అనరు. చివరికి తాను కూడా అనుకోనక్కరలేదు.

"కాలు జారిందయ్యా" అని చెప్పింది. విరిగిన కట్టె ఏదని ఇన్‌స్పెక్టరు అడిగితే "ఎవరో పొయ్యిలోకి తీసుకపోయినట్టుండారు" అనింది. ఆ పెద్దమనిషి ఆమె మొగం వైపు కొంచెంసేపు చూసినాడు గానీ మారు మాట అడగలేదు. రాసింది చదివి వినిపించినారు. వేలిముద్ర వేసింది. ఆ నల్లటి మరక పోవాలని బూడిద పెట్టి తోమింది, చింతపండు పెట్టి తోమింది. చర్మం మండింది.

ఆ తర్వాత ఆమెకు మనుషుల మొగం చూడటం కష్టమైంది. ఎవరైనా "తిరపతక్కా" అని పిలిస్తే ఉలిక్కిపడేది. గనిలో కొత్త మెట్టు వేసినారు. ఆడవాళ్ళు ఇప్పుడు నిచ్చెనకు రెండు చేతులూ ఎత్తి మొక్కి మరీ ఎక్కుతాండారు. వాళ్ళు మొక్కుతాంటే ఆమె తలకాయ వంచుకొనేది. మిగిలిన ముగ్గురు క్రైస్తవ ఆడవాళ్ళు పనికి రావడం మానుకున్నారు. రావద్దని ఎవరూ చెప్పలేదు. వాళ్ళు నిచ్చెన దగ్గరికి వస్తే మాత్రం తక్కినవాళ్ళు ఎక్కకుండా నిలబడిపోయేవాళ్ళు.

పదునైదు దినాలకు జీవమ్మ కూతురు కృపమణి వచ్చింది. పద్దెనిమిదేండ్ల పిల్ల. మిషను బడిలో ఎనిమిది చదివింది. తల్లి తట్ట చంకన పెట్టుకొని నరసన్న ముందర నిలబడింది.

"మా అమ్మ బదులు నేను మోస్తా మేస్త్రన్నా. ఇంట్లో ఇంకెవరూ లేరు."

నరసన్న చెడ్డవాడు కాదు. మెడ గోక్కున్నాడు. "నాకేం అడ్డం లేదు పాపా. వీండ్లు ఒప్పుకోవల్ల."

సిద్దమ్మ ముందుకొచ్చింది. "వద్దనేది ఏముండాది? మీ యమ్మ చేసిన తప్పుకు మెట్టుకు పసుపు పెట్టి, తప్పయింది తల్లీ అని మొక్కి ఎక్కు. మాకూ బయం పోతాది. ఎవరి దేవుడు వాండ్లకు ఉండాడు గానీ, పానాలు అందరివీ ఒకటే గదమ్మే."

కృపమణి తట్ట కింద పెట్టింది. తల్లి ఎన్నడూ చేయని పనిని, తల్లి కోసం చేయడానికి ఆ పిల్ల సిద్ధపడిందని అందరికీ కనబడింది. ఎవరో పళ్ళెంలో పసుపు తడిపి తెచ్చినారు. అలవాటు చొప్పున పళ్ళెం తిరుపతమ్మ చేతికే ఇచ్చినారు. ఇయ్యవలసింది ఆమె.

పిల్ల చేయి చాపింది.

తిరుపతమ్మ పళ్ళెం ఇయ్యలేదు. ఇద్దామనే అనుకుంది. ఈ ఒక్క నిమిషం దాటితే అంతా సర్దుకుంటుందని కూడా అనుకుంది. చేయి ముందుకు పోలేదు.

"మీ యమ్మ తప్పేమీ లేదు" అనింది. ఆ మాట సగం మందికి వినబడలేదు.

"ఏమంటాండావు అక్కా?" అనింది సిద్దమ్మ.

"జీవమ్మ కాలు జారలేదు. మెట్టు పగిలి ఉండాది. పూజనాడే నేను చూసినా. పసుపు పెట్టి పూడ్చినా."

వెనక ఉన్న ఆడవాళ్ళు ముందుకు జరిగినారు. సిద్దమ్మ, "ముక్కలు?" అనింది.

"నేనే కాల్చినా."

"నేను అడిగితే ఊ అంటివే! నా నోటితో అనిపిస్తివే ఆ మాట!" సిద్దమ్మ నెత్తిమీది చుట్టకుదురు తీసి నేలకు కొట్టింది. "ఊరంతా తిరిగి నేను చెప్పినానమ్మే! వాండ్ల ఇంటి ముందర నిలబడి చెప్పినా!"

నరసన్న తిరుపతమ్మ చేతిలో పళ్ళెం తీసుకొని పసుపు నీళ్ళు పక్కన పారబోసినాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

కృపమణి తట్ట ఎత్తుకుంది. "ఇన్‌స్పెక్టరుతో ఈ మాట చెప్తావా పెద్దమ్మా?"

"చెప్తా."

"మా అమ్మతో?"

తిరుపతమ్మ చేతికంటిన పసుపును చీరకు తుడుచుకుంది.

"మా అమ్మకు నేను చెప్పను. నువ్వే చెప్పాల" అనింది ఆ పిల్ల.

ఇన్‌స్పెక్టరు అప్పుడు పులివెందుల బంగళాలో మకాం ఉన్నాడు. ఇద్దరూ నడిచి పోయినారు. ఆయన సావధానంగా విన్నాడు. పక్కన ఆయన ఆఫీసు గుమాస్తా రాసుకున్నాడు. ఆ గుమాస్తా వయసుమళ్ళిన మనిషి. చెప్తూ చెప్తూ తిరుపతమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ఏడవడం చూసి ఆయనకు జాలి వేసినట్టుంది. రాయడం అయినాక ముద్ర వేయమని కాగితం జరిపినాడు.

"చదివి చూడొచ్చునా అయ్యా?" అని కృపమణి అడిగింది. ఇన్‌స్పెక్టరు తల ఊపినాడు.

ఆ పిల్ల బయటికే చదివింది. "...మెట్టుకు ముందుగానే పగులు ఉండెను. పసుపు పూయు తొందరలో పై స్త్రీ ఆ పగులును గమనించలేదు..."

చదవడం ఆపి తల ఎత్తింది. తిరుపతమ్మ మొగం వైపు చూసింది. గుమాస్తా కండ్లద్దాలు తుడుచుకుంటాండాడు. ఆయన దారి చూపించినాడు. రాట్నం వస్తుంది, జీవమ్మ తప్పు లేదని కాగితం మీద ఉంటుంది, తిరుపతమ్మ చూడలేదనీ ఉంటుంది. అందరికీ సరిపోయే మాట. చదువురాని మనిషికి లోపల ఏం రాసినారో తెలియదు గదా అని రేపు చెప్పుకోవడానికి కూడా ఉంది.

"అట్ల కాదయ్యా" అనింది తిరుపతమ్మ. "చూసింది అని రాయండి. చూసి, దాచిపెట్టింది అని రాయండి."

గుమాస్తా ఇన్‌స్పెక్టరు వైపు చూసినాడు. ఆయన, "ఆమె చెప్పినట్టే రాయప్పా" అన్నాడు. కొట్టేసి మళ్ళీ రాసినారు. కృపమణి మళ్ళీ చదివింది. అప్పుడు తిరుపతమ్మ ముద్ర వేసింది.

కార్తీకం దాటినాక పెట్టె మూత తీసినారు. గుంత ఒడ్డున రాట్నం నిలబెట్టి, గోడ పక్కన మనుషులకు మెట్లు చెక్కి, పట్టుకోవడానికి తాడు కట్టినారు. నిచ్చెనలు రెండూ తీసి దొడ్డికి అడ్డం వేసినారు. ఇద్దరు పిడి తిప్పుతాంటే కొక్కెం టకటకమని పళ్ళ మీద పడేది. నాలుగు తట్టల రాయి ఒక్క తొట్టిలో పైకి వచ్చేది. మొదటి దినం ఆడవాళ్ళు చేతులు కట్టుకొని, తొట్టి ఒంటరిగా గాల్లో పోతాంటే నోరు తెరుచుకొని చూసినారు. "దీనికి మొగోండ్లు గోడ తట్టు తిరగాల్సిన పని లేదు" అని సిద్దమ్మ అంటే నవ్వు పుట్టింది. తిరుపతమ్మ వైపు మాత్రం ఎవరూ చూడలేదు.

ఇరవైమందిలో పదముగ్గురికి పని దొరికింది, కింద తొట్టి నింపడానికీ పైన రాయి ఏరడానికీ. ఏడుగురు పోవలసి వచ్చింది. తిరుపతమ్మ తానే పోతానంటే నరసన్న ఒప్పుకోలేదు. "నువ్వు పోయినంత మాత్రాన పోయినవాళ్ళంతా మళ్ళా వస్తారా? కడమ వాండ్ల మొగాలు చూసుకుంటా ఈడే ఉండు" అన్నాడు. అది దయో శిక్షో ఆమెకు తెలియలేదు. ఉండిపోయింది.

జీవమ్మకు మాత్రం చెప్పలేదు. ఊరంతటికీ తెలుసు, కాగితం మీద ఉంది, ఇంకేం చెప్పేదని తనకు తాను చెప్పుకునేది. ఆస్పత్రికి పోదామని రెండుసార్లు బయలుదేరి బండి దాకా పోయి తిరిగి వచ్చింది. మూడు నెలలకు జీవమ్మ ఇంటికి వచ్చిందని తెలిసినాక కూడా వారం గడిపింది. చివరికి ఒక ఆదివారం, వాళ్ళ గుడి గంట అయి మనుషులు ఇండ్లకు చేరినాక, పోయి నిలబడింది.

జీవమ్మ వాకిట్లో నులకమంచం మీద కూర్చొని సజ్జలు చెరుగుతాండాది. పక్కన చంకకర్ర. ఒక కాలు పొట్టి అయింది.

"రా అక్కా" అనింది. "ఎప్పుడొస్తావా అని చూస్తాండా."

"జీవమ్మా, ఆ మెట్టు..."

"తెలుసు. అందరూ చెప్పినారు. సిద్దమ్మ వచ్చి కాళ్ళు పట్టుకునింది. ఆ మనిషి కాళ్ళు పట్టుకుంటే నాకు నవ్వొచ్చింది." చేట పక్కన పెట్టింది. "నాకు ఒకటే అడగాలని ఉండాది. పూజకూ నేను పడినదానికీ ఎన్ని దినాలు?"

"అయిదు."

"ఆ అయిదు దినాలూ నువ్వు నా ముందరే ఎక్కుతాంటివి. నా తలకాయకు పైన నీ కాళ్ళు. నాకు ఇంకేం కనబడదు గదా, అవే కనబడేటివి." జీవమ్మ మాట నెమ్మదిగానే వచ్చింది. "నీ కాలు ఎనిమిదో మెట్టు నుంచి ఆరో మెట్టుకు పోయేది అక్కా. దినమంతా అట్లనే. తొందరేమో, పెద్ద అంగలు వేస్తాండావే అనుకున్నా. ఆస్పత్రిలో మంచం మీద మూడు నెలలు అదే చూస్తాంటి."

తిరుపతమ్మ ఈ సంగతి నరసన్నకు చెప్పలేదు. ఇన్‌స్పెక్టరుకు చెప్పలేదు. తనకు తాను కూడా చెప్పుకోలేదు. చూసి, దాచింది అని రాయించినప్పుడు అంతా అయిపోయిందనుకుంది.

"ఆ మెట్టు మీద కాలు పెట్టినావా?" అని జీవమ్మ అడిగింది.

"పెట్టలేదు."

వాకిట్లో కోడి ఒకటి చేటలోకి ఎక్కబోతే జీవమ్మ అదిలించింది.

"నేనొక్కదాన్నే కాదు" అనింది జీవమ్మ. "నీ వెనక ఇంకా పద్దెనిమిది మంది ఎక్కినారు ఆ అయిదు దినాలూ. నీ మీద నమ్మకంతో. ఈ మాట వాండ్లకు కూడా చెప్పు."

మరునాడు సద్ది తినే యాళకు రాట్నం ఆపినారు. ఆడవాళ్ళు కొట్టం నీడన గుంపుగా కూర్చొని మూటలు విప్పినారు. తిరుపతమ్మ నిజం చెప్పిన నాటి నుంచీ ఎడంగా రాతికుప్ప పక్కన కూర్చొని తినేది. ఆనాడు మూట విప్పకుండా లేచి వచ్చి వాళ్ళ ముందర నిలబడింది. సిద్దమ్మ ముద్ద నోటి దాకా తెచ్చి ఆపింది.

"ఇంకొక మాట ఉండాది" అనింది తిరుపతమ్మ.